పొగగొట్టం పక్కన మిద్దె కురుస్తుంటే, పూతకు ముందు నీటి దారి వెతకండి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. కావలి దగ్గరి పల్లెలో మీ తాతగారు కట్టించిన ఇంటికి వంటింటి మీద పాత మద్రాసు మిద్దె ఉంది. కట్టెల పొయ్యి నాటి ఇటుక పొగగొట్టం ఆ మిద్దెలోంచి పైకి లేస్తుంది. పక్క గదికి మాత్రం ఇరవై ఏళ్ళ క్రితం స్లాబు వేశారు. ఏటా కార్తీకంలో ముసురు పట్టగానే పొగగొట్టానికి మూరెడు దూరంలో పైకప్పు కురుస్తోంది. ఒకసారి పొగగొట్టం మొదట్లో సిమెంటు పూయించారు, మరోసారి మిద్దె మొత్తానికి తెల్లటి పూత వేయించారు. అయినా 2023 డిసెంబరులో వచ్చిన మిగ్‌జాం తుపానుకు మునుపెన్నడూ లేనంత నీరు దిగింది. ఈసారి ఏ రకం పూత వేయిస్తే మంచిదని అడుగుతున్నారు.

ఇప్పుడే ఏ పూతా వేయించకండి. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ముప్పై ఏళ్ళకు పైగా పాత ఇళ్ళ మరమ్మతులు చేయించినవాడిగా ఈ మాట చెబుతున్నాను. ఇటువంటి ఇళ్ళలో డబ్బంతా ఒక్క నమ్మకం వల్ల వృథా అవుతుంది: నీరు ఎక్కడ కారుతోందో అక్కడే దిగుతోందని అందరూ అనుకుంటారు. నిజానికి నీరు ఒక చోట లోపలికి దిగి, దారి దొరికినంత మేర పక్కకు నడిచి, ఇక ముందుకు పోలేని చోట చుక్కగా రాలుతుంది. ఆ దిగే చోటు తెలియకుండా వేసిన పూత చాలాసార్లు మేలు చేయకపోగా, లోపల చేరిన నీరు ఎండకు బయటికి పోయే దారిని కూడా మూసేస్తుంది.

మీ మిద్దె కట్టడం ఎలా ఉంటుందో గుర్తు చేసుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద పలచటి చిన్న ఇటుకలను సున్నంతో అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేరుస్తారు. దాని మీద ఇటుక జల్లిని, అంటే కొట్టిన ఇటుక ముక్కలను, గానుగ సున్నంతో కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. ఆపైన చదును పెంకులు పరుస్తారు. ఈ జల్లి పొర వానలో కొంత నీరు తాగి, ఎండ కాయగానే వదిలేస్తుంది. అందుకే పెద్దవాళ్ళు కట్టిన మిద్దెలు చిన్న చిన్న లోపాలను తమలోనే ఇముడ్చుకుని దశాబ్దాల పాటు నిలిచాయి. అయితే ఆ పొర నిండిపోయాక నీరు ఇటుకల సందుల్లోకి, అక్కడి నుంచి దూలం పక్కకు చేరి, దూలం వెంటే చాలా దూరం నడుస్తుంది. స్లాబులోనైతే కరెంటు తీగల కోసం లోపల వేసిన పైపులే నీటికి కాలువలవుతాయి, అందుకే స్లాబు ఇళ్ళలో నీరు ఎక్కువగా ఫ్యాను కొక్కెం దగ్గరో లైటు పెట్టె దగ్గరో కనిపిస్తుంది.

పొగగొట్టం చుట్టూ నీరు లోపలికి రాగల చోట్లు నాలుగైదు ఉంటాయి. అన్నిటికన్నా పైన ఉన్న నోరు, దాని మీది మూత పలక, ఆ కింద నాలుగు పక్కల గోడలు, గోడా మిద్దే కలిసే మూల, చివరిగా పొగగొట్టం వెనుక నీరు నిలిచే పల్లం. మేస్త్రీలు చాలామంది ఆ మూల ఒక్కటే చూసి, దాన్నే సిమెంటుతో నింపి వెళ్ళిపోతారు. మూల బలహీనమైన చోటన్నది నిజమే. మీరు పంపిన ఫోటోలో పొగగొట్టం ఒక పక్క స్లాబును తాకుతూ ఉంది. పది మీటర్ల స్లాబు ఇరవై డిగ్రీల వేడి తేడాకు దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఇటుక గోడ అంతగా కదలదు. మన ఎండల్లో స్లాబు పైభాగం పగటికీ రాత్రికీ మధ్య అంత తేడాను తేలికగా చూస్తుంది. రోజూ కదిలే రెండింటి మధ్య గట్టి సిమెంటు నింపితే మొదటి వేసవికే వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. మీ మొదటి మరమ్మతు నిలవకపోవడానికి అది ఒక కారణం కావచ్చు, కానీ మీరు చెప్పిన వివరాలను బట్టి అసలు దారి అంతకన్నా పైన ఉందని నాకు అనిపిస్తోంది.

అలా అనిపించడానికి కారణం గాలి. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ముసురు సాధారణంగా ఈశాన్యం నుంచి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య సాయంత్రాల్లో ఉరుములతో వచ్చేది పడమటి వాన. ఇక తుపాను గాలి దారి వేరు. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని కేంద్రం మనకు తూర్పున సముద్రంలో ఉన్నంతసేపూ గాలి ఉత్తరం నుంచి కొట్టింది, అది బాపట్ల వైపు సాగిపోయాక పడమటి దిక్కు నుంచి కొట్టసాగింది. అంటే ఏటా ముసురులో ఈశాన్యపు జల్లుకు తడిసే మీ పొగగొట్టం ఆ రోజు ఉత్తరం, పడమర దిక్కుల నుంచి కూడా దెబ్బ తిన్నది. మూల ఒక్కటే కారణమైతే ఏ దిక్కు గాలికైనా ఒకే రకంగా కురవాలి, ఎందుకంటే మిద్దె మీద పడిన నీరు గాలి ఎటున్నా మూలకు చేరుతుంది. గాలి దిక్కును బట్టి తేడా వస్తోందంటే నిటారు గోడనో, పైనున్న నోటినో అనుమానించాలి. పడమటి వానకు మీ ఇల్లు కురుస్తుందో లేదో మీరు రాయలేదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళకు తప్పక గుర్తుంటుంది.

గాలి తరువాత చూడవలసినది సమయం. వాన మొదలైనప్పుడు గడియారం చూసి, మొదటి చుక్క రాలినప్పుడు మళ్ళీ చూసి రాసి పెట్టుకోండి. పది పదిహేను నిమిషాల్లో చుక్క రాలితే నీటికి తెరిచి ఉన్న దారి ఉంది. అది పొగగొట్టం నోరో, రంధ్రమో, పెద్ద పగులో అయి ఉంటుంది. రెండు మూడు గంటలు ముసురు పట్టాక మొదలైతే ఇటుకలూ, వాటి సందుల్లోని పాత సున్నమూ నెమ్మదిగా నానుతున్నాయని అర్థం. వాన వెలిసిన మరునాడు కూడా చుక్క ఆగకపోతే జల్లి పొరలో నీరు నిలవ ఉంది. మీ మిద్దె మీద తెల్లటి పూత ఉంది కాబట్టి ఆ నీరు పైకి ఆరలేక కిందికే వస్తుంది. ఎండలో ఆ పూత మీద అప్పడంలా బుడ్డలు లేచి ఉంటే, వాటిలో ఒకదాన్ని చాకు మొనతో కోసి చూడండి. లోపల తడి కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు.

మూడవది రంగు. పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి, రాలే చుక్క కింద పట్టి, నీడన ఆరనివ్వండి. ఆరాక చుట్టూ నల్లటి లేదా చిక్కటి గోధుమరంగు అంచు ఏర్పడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగచూరు వాసన వస్తే, ఆ నీరు గొట్టం లోపలి గోడను కడుగుతూ వచ్చింది. వాసన లేకుండా లేత టీ రంగు మరక మిగిలితే కలపను తాకి వచ్చి ఉంటుంది. తెల్లటి పొడి మిగిలితే సున్నంలోంచో, సిమెంటులోంచో నడిచింది. తుప్పు రంగు వస్తే స్లాబులోని ఇనుప కడ్డీ తినేయబడుతోంది, అది వేరే పెద్ద పని. చుక్కలో చిటికెడు పసుపు కలిపితే పారాణిలా ఎర్రబడవచ్చు. ఎర్రబడితే నీరు సిమెంటు లేదా సున్నం గుండా వచ్చిందని నమ్మవచ్చు, ఎర్రబడకపోతే మాత్రం దాని నుంచి ఏమీ తేల్చకూడదు. పొగచూరు నీటికి మరో లక్షణం ఉంది. దాని మరక మీద ఎన్నిసార్లు రంగు వేసినా కొన్నాళ్ళకు మళ్ళీ పైకి తేలుతుంది. మీ వంటింటి గోడ మీద రంగు వేయించిన ప్రతిసారీ అదే మరక తిరిగి వచ్చిందని రాశారు కాబట్టి ఈ కాగితం పరీక్షను అన్నిటికన్నా ముందు చేయమని కోరుతున్నాను.

నీరు ఎంత దూరం మోసగిస్తుందో చెప్పడానికి కందుకూరులో నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. అక్కడా ఇలాగే మిద్దె, ఇలాగే పొగగొట్టం. చుక్క మాత్రం నాలుగు అడుగుల అవతల ఫ్యాను కొక్కెం నుంచి రాలేది. ఆ ఇంటివారు మిద్దె మీద పెంకులన్నీ లేపించి కొత్తవి పరిపించారు, అయినా ఆగలేదు. నేను ఒక ముసురు రాత్రి ఆ వంటింట్లో నిచ్చెన వేసుకుని, టార్చిలైటును గోడకు ఆనించి వెలుతురు దూలం అడుగున పడేలా పక్కవాటుగా పట్టాను. ఎదురుగా పడే వెలుతురులో ఏమీ కనిపించని దూలం మీద, పక్కవాటు వెలుతురులో దారపు పోగంత సన్నటి తడి గీత మెరిసింది. ఆ గీతను వేలితో తాకుతూ వెనక్కు పోతే పొగగొట్టం గోడ దగ్గర అంతమైంది. తెల్లవారి మిద్దె ఎక్కి చూస్తే, ఛాతీ ఎత్తులో పడమటి వైపు డిష్ యాంటెనా కోసం నాలుగు బోల్టులు దించి ఉన్నాయి. యాంటెనా చోటు మార్చినప్పుడు వాటిలో ఒకటి పీకి, చిటికెనవేలు పట్టే రంధ్రాన్ని అలాగే వదిలేశారు. దోసిలి పట్టి చెంబుతో నీళ్ళు అందులోకి పోశాను. చెంబెడు నీళ్ళూ చప్పుడు లేకుండా లోపలికి పోయాయి, ఏడు నిమిషాల తరువాత కింద ఫ్యాను కొక్కెం నుంచి మొదటి చుక్క రాలింది. దాన్ని మూయడానికి అరచేతిలో పట్టేంత సున్నపు ముద్ద సరిపోయింది.

అందువల్ల ఎండగా ఉన్న ఉదయం పూట మీరే స్వయంగా మిద్దె ఎక్కండి, మేస్త్రీ చెప్పిన దానితో తృప్తి పడకండి. మూత పలక మీద అడ్డంగా పగుళ్ళు ఉన్నాయా, అది గోడ కన్నా కనీసం రెండు అంగుళాలు బయటికి ఉందా, దాని అంచు అడుగున నీరు వెనక్కి పాకకుండా సన్నటి గాడి ఉందా చూడండి. గాడి లేని పలక అడుగు వెంట నీరు పాకి నేరుగా గోడ సందులోకి చేరుతుంది. తరువాత గోడ పూతను సుత్తి పిడితో మెల్లగా తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్న చోట ఖణఖణమంటుంది, పూత ఇటుకను వదిలేసిన చోట డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల చోటుకు పైన ఒక పగులు ఉంటే వాన నీరంతా దాని వెనుక సంచిలా నిలుస్తుంది. రావి మొలక కనిపిస్తే మరింత శ్రద్ధ పెట్టండి. పైన రెండు ఆకులే ఉన్నా, దాని వేరు ఇటుకల మధ్య సున్నాన్ని చీల్చుకుంటూ చాలా లోతుకు పోయి ఉంటుంది. పీకితే తెగి మళ్ళీ మొలుస్తుంది కాబట్టి ఆ వరసల ఇటుకలు విప్పి వేరు మొత్తం తీయించాలి. పొగగొట్టం వెనుక ఎండుటాకులు, మట్టి పేరుకుని ఉంటే ఊడ్చి, అక్కడ ఒక చెంబు నీళ్ళు పోసి అవి తూము వైపు పోతున్నాయో, నిలుస్తున్నాయో గమనించండి.

చూపుకు దొరకనిది నీళ్ళ పరీక్షకు దొరుకుతుంది. దీనికి కనీసం మూడు నాలుగు రోజులు వాన లేకుండా అంతా ఆరి ఉండాలి, కింద ఒక మనిషి టార్చితో చూస్తూ ఉండాలి, ఇద్దరి దగ్గరా ఫోన్లు ఉండాలి. మొదలుపెట్టే ముందు వంటింటి కరెంటు మెయిన్ దగ్గర ఆపేయండి, తడిసిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే ప్రాణాపాయం. పైపు నీటిని ఒత్తిడితో చిమ్మకుండా వానలా జాలువారనివ్వాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలన్నదే ఇందులో ప్రధానమైన నియమం. పై నుంచి పోస్తే నీరు కిందికి జారుతూ అన్ని చోట్లనూ తడుపుతుంది, అప్పుడు ఎక్కడి నుంచి దిగిందో ఎవరూ చెప్పలేరు. మొదట మిద్దె మూల దగ్గర మాత్రమే ఇరవై ముప్పై నిమిషాలు పోసి, మరో అరగంట ఆగండి. కింద ఏమీ కనిపించకపోతే ఒక్కొక్క ముఖాన్నీ విడివిడిగా, ముందుగా ఈశాన్యపు జల్లు తగిలే వైపు, అడుగున్నర ఎత్తు చొప్పున పైకి తడుపుతూ రండి. మూత పలక వంతు అన్నిటికన్నా ఆఖరున రావాలి. చుక్క రాలిన మరుక్షణం ఆపి, ఆ చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ రోజుకు పని చాలించండి. నానిన జల్లిలో అప్పుడే రెండో పరీక్ష చేస్తే తప్పుడు జవాబు వస్తుంది. రంగు కలపాలనుకుంటే మిఠాయిలకు వాడే ఎర్ర రంగు పొడి మంచిది. పసుపు నీటిలో సరిగా కరగదు, బట్టల నీలి పొడి కూడా అంతే, జల్లి వాటిని వడగట్టేస్తుంది.

చుట్టూ మట్టి కట్ట వేసి నీరు నిలబెట్టి రోజంతా ఉంచే పరీక్ష ఒకటి ఉంది. స్లాబుకు అది మంచిదే, మీ పాత మిద్దె మీద మాత్రం వద్దు. రెండు అంగుళాల నీరు చదరపు మీటరుకు యాభై కిలోల బరువు మోపుతుంది. ఏళ్ళ తరబడి తడిసిన దూలపు కొన గోడలో ఎలా ఉందో బయటికి కనిపించదు. మీరు ఏ పరీక్ష చేసినా ముందుగా పొగగొట్టం పక్కనున్న దూలాన్ని గోడలోకి పోయే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. అది అరంగుళం మించి తేలికగా దిగితే ఎవరినీ మిద్దె ఎక్కనివ్వకండి, ముందు ఆ దూలానికి కింద పోటు పెట్టించండి.

వానతో సంబంధం లేని చెమ్మ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు పాత పొగగొట్టంలోకే కొత్త కరెంటు చిమ్నీ గొట్టాన్ని పెట్టించినట్టు రాశారు. ఒక కిలో వంటగ్యాసు మండితే దాదాపు ఒకటిన్నర లీటరుకు పైగా నీరు ఆవిరి రూపంలో పుడుతుంది, అన్నం, పప్పు ఉడికే ఆవిరి దానికి అదనం. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చల్లగా ఉన్న వెడల్పాటి ఇటుక గొట్టంలోకి ఆ ఆవిరి చేరగానే గోడలకు చెమటలా పట్టి, పాత పొగచూరును కరిగించుకుంటూ కిందికి జారుతుంది. వాన లేని రోజుల్లో, అది కూడా ఉదయం వంట అయ్యాక చెమ్మ కనిపిస్తే కారణం ఇదే అయి ఉంటుంది. చిమ్నీ గొట్టాన్ని పైన నోటి దాకా ఒకే రేకు గొట్టంగా తీసుకుపోతే అది తగ్గిపోతుంది, పూతలు దాన్ని ఆపలేవు.

దారి దొరికాక మరమ్మతు పెద్ద విషయం కాదు. పాత ఇటుకకు, పాత సున్నపు సందులకు సున్నపు ముద్దే వాడించండి. గట్టి సిమెంటు పాత సున్నంతో కలిసి కదలదు, పైగా లోపలి చెమ్మను బంధించి పక్క ఇటుకను పొడిపొడి చేస్తుంది. మిద్దె మూలలో గోడ పొడవునా గుండ్రటి వాలు కట్టించి, దాని మీద నీటిని ఆపే పొరను గోడ పైకి కనీసం ఆరు అంగుళాలు ఎక్కించి, ఇటుక సందులో కోసిన గాడిలోకి దాని అంచును దూర్చి మూయించాలి. స్లాబును తాకే వైపు మాత్రం గట్టి ముద్దకు బదులు సాగే గుణమున్న సీలెంటు కావాలి. ఆ పొగగొట్టాన్ని ఇక వాడే ఉద్దేశం లేకపోతే, కొత్త చిమ్నీ గొట్టాన్ని పక్క గోడలోంచి బయటికి పంపి, ఇటుక పొగగొట్టాన్ని మిద్దె మట్టానికి విప్పించి పైన పలక వేయించడమే మేలని నా అభిప్రాయం. తాతగారి గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, అప్పుడు ఏటా వినాయక చవితి నాటికి ఒకసారి ఎక్కి చూడక తప్పదు.

ఇప్పుడు అక్టోబరు నడుస్తోంది, ముసురు ముంచుకొస్తోంది, తడి మీద చేసిన ఏ పనీ పట్టదు. అందువల్ల ఈ కార్తీకంలో ఒక్క పని చేయండి. వాన వస్తుందని తెలిసినప్పుడు పొగగొట్టం నోటి మీద మందపాటి టార్పాలిన్ కప్పి, తాడుతో నాలుగు వైపులా బిగించి కట్టండి. అది కప్పి ఉన్నంతసేపూ కింద కట్టెల పొయ్యి వెలిగించకూడదు, కరెంటు చిమ్నీ వేయకూడదు, కిటికీలు తెరిచే వంట చేయాలి, లేకపోతే విషవాయువు ఇంట్లోనే నిలుస్తుంది. మొదటి వానకు నోరు మాత్రమే కప్పండి. కురవడం ఆగితే దారి నోరే. ఆగకపోతే రెండో వానకు టార్పాలిన్‌ను మిద్దెకు జానెడు పై దాకా, నాలుగు ముఖాలూ మూసేలా దించి కట్టండి. అప్పుడు ఆగితే దారి గోడలో ఉంది, అప్పటికీ ఆగకపోతే మిద్దె మూలను పట్టుకోవాలి. ప్రతి వానకూ గాలి దిక్కు, మొదటి చుక్క పడిన సమయం, ఆరిన కాగితం ఫోటో నాకు పంపండి. సంక్రాంతి వెళ్ళి మిద్దె పూర్తిగా ఆరాక, ఫిబ్రవరిలో నీళ్ళ పరీక్ష చేసి ఆ నెలలోనే పని మొదలుపెట్టించవచ్చు.